దొరగుడిలో గాడిదపెళ్లి ప్రకటన

ధర్మవరం

రేపల్లెలో మా పెరట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచి, కోళ్లు దడి మీదెక్కి కూర్చున్న వారంలో, నేను వాన కోసం ప్రార్థన చెయ్యడానికి అనంతపురం వైపు రైలెక్కాను. మా ఇంటాయన చీపురుతో వరండాలో నీళ్లు తోస్తూ, "వెళ్లేటప్పుడు ఇవి కూడా పట్టుకెళ్లు" అన్నారు.

పిలిచింది కరుణ. ట్రైనింగు కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం. దాని భర్త జయరాజ్ కళ్యాణదుర్గం శివారులో తెల్లదొరలు కట్టిపోయిన పాత ఆంగ్లికన్ గుడికి పాస్టరు. కరుణ ఫోనులో చెప్పింది: "ఈ ఆదివారం వాన కోసం పెద్ద ఆరాధన పెట్టినామే సుశీలా. మూడు వారాలుగా అరిచి అరిచి మా ఆయనకు గొంతు పోయింది. నీకు గొంతుంది కదా, తీసుకుని రా." నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మా క్లాసులో చెప్పిన పద్యం పక్క రెండు క్లాసుల పిల్లలకూ వచ్చేసేదని పేరు. గొంతొక్కటే పార్సిల్ చేసే వీలుంటే అదే పంపేదాన్ని. కానీ ధర్మవరం మీదుగా ప్రయాణం అన్నాక చీరలు చూడకుండా ఉండడం ఎవరి తరం?

పట్టుచీరల కొట్లో కాకుండా ఒక మగ్గం ఇంట్లోకి వెళ్లాను. నాకంటే ముందు అక్కడ ఒకాయన కూర్చుని బేరం చేస్తున్నాడు. తలకు తువ్వాలు, ఎండకు మాడిన మొహం, పేరు వన్నూరప్ప అని తరవాత తెలిసింది. అంచులో జరీ తెగిన పెళ్లిచీర ఒకటి ఆయన ముందు పరిచి ఉంది.

"పెండ్లికూతురు ఏం రంగుంటాదప్పా?" అని అడిగింది నేతగాడి భార్య.

"బూడిద రంగు."

"ఎత్తో?"

"నా నడుం దాకా వస్తాది."

"లావా, సన్నమా?"

"ఈ నడుమ మేత లేక శానా చిక్కిపోయినాది."

నా ప్రాణం చివుక్కుమంది. నేతగాడి భార్య చీర మడత పెడుతూ, "గుణం మంచిదేనా?" అంది.

"మంచిదే. వెనక నిలబడితే తంతాది."

ఇక ఊరుకోలేకపోయాను. "మీ ఇంట్లోకి వచ్చే పిల్లని అలా అనొచ్చా అండీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంట్లోకి యాడ రానిస్తాము మేడం, బయటే కట్టేస్తాము" అని చీర చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఆ ఇంట్లో ఏ చీరా కొనకుండా, ఆ పిల్ల తల్లిదండ్రుల్ని తలచుకుంటూ బయటికొచ్చాను.

కళ్యాణదుర్గం బస్సు

బస్సులో నా పక్క సీటు ఆయనదే. కోపంతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి ఆయనే ముక్కు చిట్లించి, చీర పొట్లాన్ని రెండో చంకలోకి మార్చుకున్నాడు. "మేడం, మీ సంచీలో ఏమో సచ్చినట్టుండాది."

కరుణ కోసం తెచ్చిన ఎండురొయ్యలు అవి. చెప్పాను. "అట్లనా," అన్నాడు. "మంచి చీర మేడం, ఈ వాసన పట్టిందంటే మొగుడు దగ్గరికి రాడు."

"ఆషాఢంలో పెళ్లేమిటండీ?" అన్నాను దెప్పుతున్నట్టు.

"గాడిదలకు ఆషాఢం యాడిది మేడం?"

నాకు అర్థం కావడానికి బస్సు ఒక గుంత దాటినంతసేపు పట్టింది. వాన మొహం చాటేస్తే ఇక్కడ గాడిదలకు పెళ్లి చేస్తారు. మా వైపు రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించేవాళ్లు. అది నేను చిన్నప్పుడు చూశాను. కాని కప్పకు పట్టుచీర పెట్టినట్టు జ్ఞాపకం లేదు. వీధంతా చందా వేసుకుని వన్నూరప్పను ధర్మవరం పంపారట. నేను పడిపడి నవ్వుతుంటే ఆయన నవ్వలేదు.

కిటికీలోంచి చూస్తే దున్ని పెట్టిన ఎర్ర చేలు, చేల మీద ఏమీ లేదు. మా ఊళ్లో పొలం అంటే పచ్చగానో, నీళ్లుగానో కనిపిస్తుంది. ఇక్కడ పొలం తోలు ఒలిచినట్టుంది.

"శెనక్కాయ విత్తనం ఒలిచి పెట్టుకోని శానా దినాలాయ," అన్నాడు వన్నూరప్ప. "ఒలిచినాక ఎక్కువ నిలవ ఉండదు మేడం, పురుగు పడతాది. ఈ వారం వాన పడి పదును కాకపోతే ఇంటికి బీగమేసి బెంగళూరు పోతాము. పోయిన ఏడు పోయినాము. ఏడంతస్తుల ఇంటికి నన్ను కాపలా పెట్టినారు. ఏడంతస్తుల్లో ఒక్కడన్నా పలకరించల్ల కదా! ఈ ఏడు పోతే నా పెండ్లాము మళ్లీ రానంటాండాది. ఆడే ఉండిపోదామంటాది."

కళ్యాణదుర్గం బస్టాండులో ఆయనే నాకు ఉగ్గాని, బజ్జీ ఇప్పించాడు. నానబెట్టిన బొరుగుల తాలింపు అన్నమాట. మా కోస్తాలో బొరుగులు చంటిపిల్లలకీ, జ్వరం వచ్చినవాళ్లకీ. ఇక్కడ రైతులు ముప్పై రూపాయలిచ్చి పొద్దున్నే తిని పనికి పోతారు. రెండో ప్లేటు అడిగాను. మిరపకాయ బజ్జీ కొరికాక నా గొంతు కూడా పాస్టరు గొంతులా అవుతుందేమోనని భయమేసింది.

దొరగుడి

ఊరు అయిపోయి, టైరు పంక్చర్ల కొట్లూ, సిమెంటు ఇటుకల బట్టీలూ దాటాక షేర్ ఆటో ఆగింది. ఎదురుగా రాతి గుడి. ఎంత వాలు కప్పంటే, పిల్లి కూడా నిలబడలేదు. ఇంత వాలెందుకని అడిగితే జయరాజ్ గుసగుసగా, "మంచు జారిపోవడానికి" అన్నాడు. ఆయనకు గుసగుస తప్ప వేరే గొంతు మిగల్లేదు. దొర తన ఊరి గుడి బొమ్మ చూపించి అచ్చం అలాగే కట్టమన్నాడట. పెద్ద కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోసి, కూలిచ్చి, రాళ్లు మోయించి కట్టించాడని చెప్పుకుంటారు. ఆ కప్పు మీద మంచు ఇంతవరకు పడలేదు.

కూలికి వచ్చినవాళ్లలో కొన్ని కుటుంబాలు గుడిలోనే ఉండిపోయాయి, మిగిలినవాళ్లు గంజి తాగి దండం పెట్టి తమ దేవుళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. అయినా అందరూ ఒకే బావి నీళ్లు తాగారు. గుడి ఆవరణలో ఆ కరువులో తవ్విన బావి ఉంది. చుట్టుపక్కల బోర్లన్నీ గాలి కక్కుతున్నా అందులో ఇంకా నీళ్లున్నాయి. గాడిదపెళ్లి జరిగిన ప్రతిసారీ పెళ్లికూతురికి స్నానం ఈ బావి నీళ్లతోనే. పాత పాస్టర్లెవరూ అడ్డు చెప్పలేదు.

ఈసారి బావికి ఇనుప జాలీ, జాలీకి తాళం. తాళంచెవి సంఘ సెక్రటరీ దేవసహాయం సారు నడుముకు వేలాడుతోంది. ఆయన రెవెన్యూ శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు. నన్ను పరిచయం చెయ్యగానే, "మేడం, మీరు సభ్యులా, సందర్శకులా?" అని అడిగారు.

"స్నేహితురాలిని."

"అట్లాంటి కాలమ్ లేదు" అన్నారాయన, చాలా బాధగా.

రాత్రి కరుణ రాగిసంగటి, ఊరిబిండి పెట్టింది. వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు రోట్లో నూరిన పచ్చడి అది. అన్నం లేకుండా భోజనం ముగించడం నా జన్మలో మొదటిసారి. ఎండురొయ్యలు చూసి కరుణ కళ్లనీళ్లు పెట్టుకుంది. వాసన వల్లేనని జయరాజ్ గుసగుసలాడాడు.

మర్నాడు చదవాల్సిన పాత ప్రార్థన పుస్తకం నా చేతికిచ్చారు. అందులో వాన కోసం ఒక ప్రార్థన ఉంది, దాని పక్కనే అతివృష్టి ఆగడానికి ఇంకొకటి. వాన ప్రార్థన పేజీ వేళ్ల మురికితో నల్లబడి, చిరిగి, ఎన్నోచోట్ల అతికించి ఉంది. రెండోది అచ్చయిన రోజున ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది. నాకు మా పెరడు గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా ఆ రెండోది మనసులో చదువుకున్నాను. ఎవరి కష్టం వాళ్లది.

ఆదివారం

గుడి నిండింది. ఆ రోజు ఒక పసిపాపకు బాప్తిస్మం కూడా ఉంది. పడమటి తలుపు పక్కన రాతి తొట్టిలో బావి నీళ్లు నింపి పెట్టారు. జయరాజ్ పెదవులు కదిలిస్తున్నాడు, నేను పక్కన నిలబడి ఆ మాటలు పైకి చదువుతున్నాను. బయట డప్పుల చప్పుడు మొదలైంది. నేను గొంతు పెంచాను. డప్పులూ పెరిగాయి.

"ఆకాశపు వాకిళ్లు తెరువుము" అని నేను చదువుతుండగా పడమటి వాకిలి తెరుచుకుంది.

గాడిద వచ్చింది. నుదుట బాసికం, మెడలో బంతిపూల దండ, ఒంటిమీద ధర్మవరం పట్టుచీర, తెగిన జరీ అంచు నేలమీద జీరాడుతూ. ఎవర్నీ చూడలేదు. తిన్నగా రాతి తొట్టి దగ్గరికి పోయి తల వంచి తాగడం మొదలుపెట్టింది. జనం లేచి నిలబడ్డారు. గుడి అంతా అది నీళ్లు తాగే చప్పుడే.

"ఆపండప్పా దాన్ని!" అన్నారు దేవసహాయం సారు.

"తాగనీ సారూ," అంది పాప అమ్మమ్మ వెనక వరసలోంచి. "ఎన్ని దినాల దప్పికో."

తొట్టి ఖాళీ అయ్యింది. అప్పటికి వన్నూరప్ప, ఆయన వెనక వీధి జనం చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి ఉన్నారు. "తప్పయిపాయ సామీ, తాడు తెంచుకోని వచ్చినాది. బావి బీగం తీస్తే స్నానం చేయించుకోని పోతాము. ఎప్పుడూ ఈడే కదా చేసేది."

సెక్రటరీ సారు నడుము మీది తాళంచెవి పట్టుకున్నారు. "ఈ ఆవరణలో ఏ పెళ్లి పని జరగాలన్నా రూలుండాది. మూడు ఆదివారాలు గుళ్లో ప్రకటన చదవల్ల. అభ్యంతరాలు పిలవల్ల. చదివినారా? లేదు. పోయిరండి."

ఆంగ్లికన్ గుళ్లలో ఇది నిజంగానే ఉన్న ఆచారం. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి జరగబోతోంది, అడ్డేదైనా తెలిసినవాళ్లు చెప్పండి అని మూడు వారాలు చదువుతారు. నా పెళ్లికీ చదివారు, ఎవరూ ఏమీ అనలేదు. మా ఇంటాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తి నిట్టూరుస్తారు.

వన్నూరప్ప వేళ్ల మీద లెక్కపెట్టాడు. "మూడు వారాలంటే విత్తనం పురుగు పడతాది సారూ. ఇప్పుడే మూడు మాట్లు చదివితే కాదా?"

జనం నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గుడి లోపలివాళ్లలో సగం మందికి ఇళ్లలో ఒలిచిన విత్తనం ఉంది. జయరాజ్ నా వైపు వంగి, "చదవండక్కా" అని గుసగుసలాడాడు.

"ఏం చదవాలి?"

"ప్రకటన."

చదివాను. మాటలు పుస్తకంలో ఉన్నాయి, పేర్లు వన్నూరప్ప అందించాడు. తెలుగు పంతులమ్మని, ఏది చదివినా స్పష్టంగా చదువుతాను. "దక్షిణపు వీధి రామక్క గారి గాడిదకును, చెరువుకట్ట కింది వెంకటస్వామి గారి గాడిదకును వివాహము జరుగనున్నది. వీరు కూడకుండుటకు న్యాయమైన అడ్డు ఎవరికైనను తెలిసియున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను." రెండోసారి, మూడోసారి.

"నాకు తెలుసు," అంది ఒక ఆడగొంతు.

మాట్లాడింది రామక్కే, గాడిద యజమానురాలు. గుడి బల్ల మీది తెల్లగుడ్డలు ఉతికేది కూడా ఆమే. వాకిట్లోంచి ఒక అడుగు లోపలికి వేసింది. "గుళ్లో అడిగినాక అబద్ధం చెప్పకూడదు కదా సారూ. దీనికి ముందే పెండ్లయినాది. ఇంతకుముందు వానకు చేసినామే, అప్పుడు. మొగుడుండాడు."

"ఏందిమే రామక్కా!" అన్నాడు వన్నూరప్ప, తల పట్టుకుని.

దేవసహాయం సారు మొహంలోకి వెలుగు వచ్చింది. అది తిరస్కరించే అవకాశం దొరికిన సంతోషం అనుకున్నాను. కాదు, విచారణ చేసే అవకాశం. పెన్ను తీశారు. "మొదటి భర్త యాడ ఉండాడు?"

"అమ్మినాను సారూ. కోస్తా వాళ్లు లారీ తెచ్చుకోని కొనుక్కోని పోయినారు."

గుడి మొత్తం నా వైపు తిరిగింది.

"మేడం," అన్నారు సెక్రటరీ సారు, "మీది ఆ పక్కే. ఆడ గాడిదల్ని తీసకపోయి ఏం జేస్తారు?"

"మా వీధిలో ఎవరూ..."

"అడిగినదానికి జవాబు."

బల్ల దగ్గర, పుస్తకం చేతిలో, పాస్టరు పక్కన నిలబడి ఉన్నాను. "కొందరు కూర వండుకుంటారు," అన్నాను.

"విన్నారా, చూసినారా?"

"చూశాను. రోడ్డు పక్క అమ్ముతుండగా."

"లారీ దిగినాక ఎన్నాళ్లు పెట్టుకుంటారు?"

"ఎక్కువ రోజులు ఉంచరండి."

సారు రాసుకున్నారు. తల ఎత్తి తీర్పు చెప్పారు: "మొదటి భర్త గతించినట్టు సాక్ష్యం వచ్చినాది. వధువు విధవరాలు. పునర్వివాహానికి అడ్డు లేదు." వాకిట్లో జనం కేక వేశారు. డప్పొకటి మోగబోయి ఆగింది.

రామక్క ఏడుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు లేకుండా. "యాడో ఇటికెలు మోస్తాండాడు అనుకుంటి," అంది నాతో. "బసవడు అని పేరు పెట్టుకోని పిలుస్తాంటి. పిలిస్తే వస్తాండె."

స్కూల్లో పాఠం తప్పు చెప్పినట్టు కాదు ఇది, ఒప్పు చెప్పినందుకు సిగ్గుపడ్డాను. జయరాజ్ మెట్లు దిగి వచ్చి ఆమె ఎదుట తల వంచి నిలబడ్డాడు. దేవసహాయం సారు కూడా పెన్ను జేబులో పెట్టుకున్నారు. తరవాత ఎవరూ అడగకుండానే వెళ్లి బావి తాళం తీశారు.

పెళ్లికూతురికి స్నానం అయ్యింది. రెండో బిందె నీళ్లతో తొట్టి కడిగి, మూడో బిందెతో నింపి, పాపకు బాప్తిస్మం ఇచ్చారు. పెళ్లి గుడి గేటు బయట జరిగింది. అంతవరకే తమ అధికారమని సెక్రటరీ సారు ఒక అంగుళం కూడా దాటలేదు, కానీ గేటు కడ్డీల్లోంచి చెయ్యి చాపి అక్షింతలు వేశారు. మధ్యాహ్నం అందరికీ ఓళిగలు పెట్టారు. మా బొబ్బట్లే, కాకపోతే పల్చగా, చేటంత వెడల్పుగా. నాలుగు తిన్నాను. పెళ్లికొడుకు ఒకటి లాక్కున్నాడు.

సోమవారం

మధ్యాహ్నం రాయదుర్గం వైపు నుంచి మబ్బు వచ్చింది. ఏనుగు పొట్టలాంటి మబ్బు, నేలకు తగిలేలా వేలాడుతూ. పంక్చరు కొట్టువాళ్లు, ఇటుకల బట్టీవాళ్లు, వీధి జనం, మేము, అందరం రోడ్డు మీద నిలబడ్డాం. గాలి లేచింది. మట్టివాసన ముక్కుకి తగిలింది. వన్నూరప్ప తువ్వాలు తీసి భుజాన వేసుకుని ఆకాశంకేసి నోరు తెరిచాడు.

పడింది. గుడి వెనక, రోడ్డుకు కాస్త దూరంలో దొరల కాలం నాటి సమాధుల దొడ్డి ఉంది. ఒక మూల కొన్ని సమాధులు, మిగతాదంతా బీడు. సంఘంవాళ్లలో చాలామంది బెంగళూరు పోయి అక్కడే చనిపోతున్నారని, ఇక్కడ పూడ్చేవాళ్లు లేక అంత నేల మిగిలిపోయిందని కరుణ చెప్పింది. ఆ గోడల మధ్య ధారగా, కుండలు బోర్లించినట్టు వాన పడింది. గోడకివతల ఒక్క చినుకు లేదు. మేము పొడి దుమ్ములో నిలబడి వాన చూస్తున్నాం. అలా ఎంతసేపు చూశామో. మబ్బు అక్కడే తన పని ముగించుకుని, తేలికపడి, మా నెత్తి మీదుగా తెల్లగా వెళ్లిపోయింది.

"అడ్రసు తప్పినాది," అన్నాడు వన్నూరప్ప చివరికి.

ఎవరో నవ్వారు. వన్నూరప్ప భార్య నవ్వలేదు. "ఇంగ పదప్పా," అంది మొగుడితో. "మూటలు కట్టుకుందాము. సచ్చినోళ్లకు పడినాది వాన." వాళ్లిద్దరూ ఇంటివైపు నడవడం మొదలుపెట్టారు. నిన్న అంత పెద్దగా చదివినదాన్ని, వాళ్ల వెనక నాలుగడుగులు వేసి ఆగిపోయాను.

దేవసహాయం సారు దొడ్డి పొట్టి గోడ దగ్గరికి వెళ్లి, చెయ్యి లోపలికి చాపి తడిమట్టి పిడికెడు తీశారు. పిండి చూశారు. రెవెన్యూలో అంతకాలం చేసినవాడికి పదును తెలుసు.

"వన్నూరప్పా!" అని కేకేశారు. "విత్తనం శుద్ధి చేసి పెట్టినావా?"

ఆయన వెనక్కి తిరిగాడు. "చేసినా సారూ. యాడ వెయ్యల్ల?"

"ఈ భూమిలో పూడ్చడానికి అనుమతి ఉండాది. ఏం పూడ్చల్లనో రూలులో రాయలేదు." సారు మట్టి చేతిని తెల్ల చొక్కాకు తుడుచుకున్నారు. అది చూసి కరుణ నా మోచెయ్యి గిచ్చింది. "సమాధులకు మూరెడు ఎడం వదల్ల. అందరి విత్తనమూ కలిపి ఎయ్యల్ల. కాసినాక అందరూ విత్తనానికి పంచుకోవల్ల. కమిటీకి నేను చెప్పుకుంటాలే."

జయరాజ్ ఏదో అన్నాడు. గుసగుస కాదు, బొంగురుగానైనా మాట. "ఆమెన్."

మంగళవారం, బస్సుకు ముందు

పొద్దున్నే సంచీ సర్దుకుని దొడ్డి దగ్గరికి వెళ్లాను. ఎడ్లు ఎవరివో, విత్తనం వేసే గొర్రు ఎవరిదో. వన్నూరప్ప తోలుతున్నాడు. రామక్క, వన్నూరప్ప భార్య, బాప్తిస్మం పాప అమ్మమ్మ గొర్రు వెనక నడుస్తూ ఒళ్లోంచి విత్తనం తీసి వేస్తున్నారు. దేవసహాయం సారు ప్యాంటు మడిచి, సమాధుల మూల పుల్లలు పాతి ఎడం కొలుస్తున్నారు. ఎర్రమట్టి తెరుచుకుంటుంటే వచ్చే వాసన మా వైపు ఎరగను. మా మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, దానికి తడిశానని చెప్పుకోవాల్సిన అవసరం రాదు.

ఒక రాతి పలక దగ్గర వన్నూరప్ప ఎడ్లను ఆపాడు. మిగతా సమాధులకు దూరంగా, బీడు మధ్యలో ఒంటరిగా ఉంది అది, ఎవరో దొరసానిదట.

"మేడం, ఈయమ్మ పేరేమి? ఇంగ్లీషులో ఉండాది. పేరన్నా తెలుసుకోకుండా పక్కన గొర్రు తోలితే బాగుండదు."

వంగి, పలక మీది బురద అరచేత్తో తుడిచి చదివాను. "ఎలినార్."

"ఏమి?"

"ఎలినార్."

ఆయన ఆ పేరు నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తల మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు.

"ఎల్లమ్మా, కాళ్లు కొంచెం ముడుచుకో తల్లీ. గొర్రు పోతాండాది" అని చెప్పి, ఎడ్లను అదిలించాడు.